చేంతాడు చాలనప్పుడు

బంగారు పిల్లలకు,

తాతయ్య ముద్దులు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "మా ఫ్రెండ్ కోసం నెల రోజులుగా ప్రార్థన చేస్తున్నాం, జబ్బు తగ్గలేదు. రోజూ అవే మాటలు. దేవుడికి విసుగొస్తుందేమో, ఆపెయ్యాలా?" అని అడిగారు.

విసుగు సంగతి ముందు చెప్తాను, అది తేలిక. గెత్సేమనే తోటలో యేసు ప్రభువు మూడుసార్లు ప్రార్థించాడు. మూడోసారి కూడా అవే మాటలు చెప్పాడని బైబిల్లో మత్తయి 26వ అధ్యాయంలో ఉంది. ఆయనే కొత్త మాటలు వెతుక్కోలేదు, మీకెందుకు?

ఇక అసలు ప్రశ్న. దానికి నా దగ్గర సిద్ధాంతం లేదు. ఒక బావి మాత్రం ఉంది.

చిన్నప్పుడు నీళ్ళు తోడే పని నాది. ఒక వేసవిలో చీకటి పడ్డాక బొక్కెన దింపితే 'బుడుంగ్' మనే చప్పుడు రాలేదు. తాడు అయిపోయింది, బొక్కెన గాల్లో ఊగుతోంది. బావి ఎండిపోయిందని ఇంట్లోకి పరుగెత్తాను. అమ్మ వచ్చి, ఇంకో తాడు ముక్క ముడేసి దింపింది. బుడుంగ్! నీళ్ళు ఎక్కడికీ పోలేదు, కిందికి దిగాయంతే. ఆ ముడి గిలక మీదికి వచ్చినప్పుడల్లా పట్టేసేది, అరచేతులు మండేవి. అయినా బొక్కెన పైకొచ్చింది.

అంటే మీ ప్రార్థన పొట్టిదని కాదమ్మా. మన తాడు చాలనప్పుడు ఇంకొకరి తాడు కలుపుకోవచ్చని. మార్కు 2వ అధ్యాయం చూడండి. పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, జనంలో దారి లేక, ఇంటి కప్పు విప్పి పడకతో సహా కిందికి దించారు. యేసు "వారి విశ్వాసము" చూశాడని అక్కడ రాసి ఉంది. నలుగురు పట్టుకుంటే ఒకడి చెయ్యి కాస్త వణికినా పరవాలేదన్నమాట.

బావి పోలిక ఇంకా లాగితే తెగుతుంది. బావికి మన పేరు తెలియదు, దేవుడికి తెలుసు. బొక్కెన వేస్తే నీళ్ళే వస్తాయి. ప్రార్థన చేస్తే మాత్రం అడిగిందే రావాలని లేదు. యేసు గురించి ఊరూరా చెప్పిన పౌలు, తన శరీరంలో ముల్లులా గుచ్చే బాధను తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది. ఆ మాటతోనే ఆయన మిగతా దారి నడిచాడు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మా నాన్న జబ్బుపడ్డారు. మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా ప్రార్థించాను. నాన్న బతకలేదు. తర్వాత చాలా రోజులు కుటుంబ ప్రార్థనలో కళ్ళు మూసుకోలేదు. అందరూ మూసుకుంటే వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు అమ్మకి దొరికిపోయాను. తిట్టలేదు. (అమ్మ నన్ను చూసిందంటే తన కళ్ళూ తెరిచే ఉన్నాయిగా! అది నాకు పెద్దయ్యాక తట్టింది.) ఆ రాత్రి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బైబిల్లోని 88వ కీర్తన చదివింది. మిగతా మొర కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దేవుడితో ఇలా కూడా మాట్లాడొచ్చా అని నోరు తెరిచాను. "ఆయన పుస్తకంలోనే ఉందిగా" అంది అమ్మ, పుస్తకం మూస్తూ.

కాబట్టి ఆపకండి. కోపం వస్తే కోపంగానే చెప్పండి. ముఖం తిప్పుకుని మాట మానేయడం కంటే అది ఎంతో నయం. మాటలు రాకపోతే ఊరికే కూర్చోండి. మాటల్లో చెప్పలేని మూలుగులతో దేవుని ఆత్మే మన తరఫున వేడుకుంటాడని రోమా 8వ అధ్యాయంలో ఉంది. ఇంత చెప్పినా మీ ఫ్రెండ్‌కి ఎప్పుడు తగ్గుతుందో నేను చెప్పలేను.

మీకో పని. ఈ రాత్రి 88వ కీర్తన చివరిదాకా మెల్లగా చదవండి. అక్కడ ఆగకుండా పక్కనే ఉన్న 89 మొదటి వచనం చూడండి. అదేమిటో నేను చెప్పను. ఆ రెండూ అలా పక్కపక్కన ఉండడం ఇన్నేళ్ళు వచ్చినా నాకు ఆశ్చర్యమే.

ఏం కనిపించిందో రాయండి. మీ ఫ్రెండ్ పేరు కూడా రాయండి, నా దగ్గరున్న తాడు ముక్క కలుపుతాను.

మీ తాతయ్య