కందకం, గని దాయాదులే

మాది నాందేడ్ జిల్లా, దెగ్లూర్ వైపు. ఇంట్లో తెలుగు, బజారుకెళ్తే మరాఠీ. మా జిల్లాలోనే ఉన్న కంధార్ కోట చుట్టూ నీళ్లు నిలిచిన ఆ లోతైన గుంటని మరాఠీవాళ్లు ఖందక్ అంటారు, మేమూ కందకం అనేస్తాం. మా అమ్మమ్మ మాత్రం అగడ్త అనేది. "అగడ్తలో పడ్డ పిల్లికి అదే వైకుంఠం" అన్న సామెత కూడా ఆమె దగ్గర విన్నదే. ఈ రెండూ ఒకే మాటకి పల్లె రూపం, బడి రూపం అనుకున్నాను చాలాకాలం. కాదు, వేర్లే వేరు.

అగడ్త ద్రావిడ పదం. తమిళంలో అగళ్ అంటే తవ్వడం, అగళి అంటే కోట చుట్టూ తవ్విన గుంట. తమిళంలో ఆ ప్రత్యేకమైన ళకారం పలికే చోట మనకి తరచుగా డకారం వస్తుంది: వాళ్ల ఏళు మన ఏడు, వాళ్ల కోళి మన కోడి. కన్నడంలోనూ అగళ్తె ఉంది.

కందకం చాలా దూరం నడిచొచ్చింది. ఇరాన్ పాత భాషలో కన్ అంటే తవ్వు, తర్వాతి కాలంలో కందగ్ అంటే తవ్వినది. అది అరబ్బుల నోట ఖందక్ అయింది. 627లో మదీనాని కాపాడుకోవడానికి సల్మాన్ అనే పారశీకుడి సలహాతో కందకం తవ్వారని సంప్రదాయ కథనం, ఆ యుద్ధానికి పేరు కూడా ఖందక్ యుద్ధమే. తర్వాత పారశీ రాజభాషగా దక్కనుకి వచ్చినప్పుడు మాటా వెంట వచ్చింది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఆ కన్, సంస్కృతంలోని ఖన్ ఒకే మూలానివి. కందకానికి సంస్కృత మాట పరిఖ ఆ ఖన్ నుంచే వచ్చింది, అంటే చుట్టూ తవ్వింది. కోట చుట్టూ 14, 12, 10 దండాల (దండం పాతకాలపు కొలత) వెడల్పుతో మూడు పరిఖలు ఉండాలని, వాటిలో తామరలు, మొసళ్లు ఉండాలని, తవ్విన మట్టితోనే గట్టు పోయాలని అర్థశాస్త్రం చెప్తుంది. అదే ఖన్ నుంచి ఖని, దాన్నుంచి మన గని. అంటే బల్లార్‌పూర్ బొగ్గు గనికీ కంధార్ కందకానికీ మాటల్లో చుట్టరికం ఉంది, అగడ్తకి మాత్రం వాటితో సంబంధం లేదు.

ఈ రోజుల్లో వాన నీటిని ఇంకించడానికి పొలాల్లో తవ్వేవాటినీ కందకాలనే అంటున్నారు, బాగుంది, ఆ మాటకి బతుకుతెరువు దొరికింది. కంధార్‌కి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు మాత్రం నేను అగడ్త అనే చెప్తాను.