దోహా ‘నకిలీ అభిమానులు’: జట్టు అరువుది, పోటీ సొంతది

2022 నవంబరులో, ఖతార్ ప్రపంచ కప్ ఇంకా మొదలు కాకముందే, దోహా సముద్రతీర రహదారి కోర్నిష్ మీద ఊరేగింపులు సాగాయి. ఒక గుంపు అర్జెంటీనా నీలి చారల చొక్కాలతో, మరొకటి బ్రెజిల్ పసుపుతో, ఇంకొకటి ఇంగ్లండ్ తెలుపుతో డోళ్లు వాయిస్తూ, జెండాలు ఊపుతూ నడిచింది. ముఖాలు మాత్రం ఎక్కువగా దక్షిణాసియావి. ఆ వీడియోలు చూసిన ఐరోపా పత్రికల్లోనూ సామాజిక మాధ్యమాల్లోనూ ఒకటే అనుమానం మొదలైంది: వీళ్లు డబ్బిచ్చి తెచ్చిన మనుషులు, ఇది నకిలీ సందడి. నిర్వాహకులు ఆరోపణను ఖండించారు. నవంబరు 19న ఫిఫా అధ్యక్షుడు జియాన్నీ ఇన్ఫాంటినో విలేకరుల ముందు దీన్ని జాతి వివక్షగానే తేల్చేశారు. భారతీయుడిలా కనిపించే మనిషి ఇంగ్లండ్‌కో జర్మనీకో జేజేలు కొట్టకూడదా అన్నది ఆయన ప్రశ్న.

డబ్బు సంగతి పూర్తిగా కట్టుకథ కాదు. ఖతార్ నిజంగానే కొందరు అభిమానులకు విమాన టిక్కెట్లు, బస ఏర్పాటు చేసింది. రోజుకు 250 రియాళ్ల చొప్పున ఖర్చులకు ఇస్తామని కూడా చెప్పి, చివరి క్షణంలో ఆ భత్యం ఎగ్గొట్టింది. ఆ పథకం కింద వచ్చిన వారిలో ఐరోపా అభిమానులూ ఉన్నారు. అనుమానం మాత్రం కోర్నిష్ మీద నడిచిన మలయాళీల మీద పడింది. ఖతార్‌లో అప్పటికి సుమారు ఏడు లక్షల మంది భారతీయులున్నారు. మలయాళీలది పెద్ద వాటా. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లిన తెలుగు కార్మికులూ తక్కువేమీ కాదు. ఆ మలయాళీ కుర్రాళ్లను అడిగితే తాము అర్జెంటీనా వాళ్లమని చెప్పేవారే తప్ప, అర్జెంటీనాను ఇష్టపడతామని చెప్పేవారు కాదు. తమ దేశం ఒక్కసారి కూడా ఆడని ప్రపంచ కప్‌లో మరో దేశాన్ని ఇలా సొంతం చేసుకోవడం ఎక్కడ మొదలైందన్నదే ఈ కథనం.

తమ దేశం ఆడలేదన్న మాటకు చిన్న వివరణ అవసరం. 1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్‌కు భారత్ అర్హత పొందింది, వెళ్లలేదు. ఒట్టి కాళ్లతో ఆడనివ్వనందుకే మానుకున్నామన్న కథ ఇప్పటికీ తిరుగుతోంది. చెప్పుకోవడానికి అది బాగుంటుంది కానీ అసలు కారణం అంత రసవత్తరమైనది కాదు. మన సమాఖ్య దృష్టిలో అప్పటికి ఒలింపిక్సే గొప్ప. ప్రపంచ కప్ కోసం ఓడెక్కి అంత దూరం పోవడం దండగ అనిపించింది. ఆ తర్వాత తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఇదే పిచ్చి ఉన్న బంగ్లాదేశ్‌కు అది ఎన్నడూ తెరుచుకోలేదు.

ఈ అభిమానానికి సాధారణంగా చెప్పే జన్మదినం 1986 జూన్ 22. మెక్సికో నగరంలోని అజ్టెకా స్టేడియంలో మధ్యాహ్నం పన్నెండుకు మొదలైన అర్జెంటీనా, ఇంగ్లండ్ క్వార్టర్ ఫైనల్ మనకు రాత్రి పదకొండున్నరకు, ఢాకాలో సరిగ్గా అర్ధరాత్రికి టీవీల్లోకి వచ్చింది. 51వ నిమిషంలో డీగో మారడోనా చేత్తో ఒక గోల్ వేశాడు. నాలుగు నిమిషాల తర్వాత సగం మైదానం పరుగెత్తి, అడ్డొచ్చిన ఇంగ్లండ్ ఆటగాళ్లందరినీ దాటి రెండోది వేశాడు. నాలుగేళ్ల కిందట ఫాక్‌లాండ్ దీవుల యుద్ధంలో బ్రిటన్ చేతిలో ఓడిన దేశం అది. మన ఊళ్లలో టీవీ ఉన్న ఇల్లు వీధికి ఒకటో రెండో ఉన్న కాలం. కోల్‌కతాలో, కోజికోడ్‌లో, ఢాకాలో ఆ ఒక్కో టీవీ ముందు వీధి మొత్తం కూర్చుంది. వారం తర్వాత పశ్చిమ జర్మనీని 3-2తో ఓడించి అర్జెంటీనా కప్పు గెలిచేసరికి ఒక తరం జట్టు నిర్ణయమైపోయింది.

బ్రెజిల్ అంతకన్నా పాత కాపు. టీవీ లేని రోజుల్లోనే పెలే పేరు పత్రికల ద్వారా పాకింది. 1977 సెప్టెంబరు 24న న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడినప్పుడు పెలే ఆట జీవితం చివరి రోజుల్లో ఉన్నాడు. వానకు మైదానం బురదైంది. మ్యాచ్ 2-2తో ముగిసింది. పెలే మెరిసిందేమీ లేదు. అయినా ఆ సాయంత్రం గురించి బెంగాలీలు ఇప్పటికీ చెబుతూనే ఉంటారు. అందుకే అనేక ఇళ్లలో తండ్రి బ్రెజిల్, కొడుకు అర్జెంటీనా.

వలస పాలన అనుభవించిన జనం ఇంగ్లండ్‌ను కొట్టినవాణ్ని నెత్తిన పెట్టుకున్నారని విశ్లేషకులు చెప్పే కారణం వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. అందులో నిజమూ ఉంది. కానీ అదే మొత్తం కారణమైతే ఒక చిక్కు వస్తుంది. అదే 2022లో కోజికోడ్ జిల్లా పుల్లావూరులో అభిమానులు నదిలో 30 అడుగుల మెస్సీ కటౌట్ పెడితే, బ్రెజిల్ వాళ్లు 40 అడుగుల నేమార్‌ను నిలబెట్టారు. ఆ రెంటినీ మించి మూడోది లేచింది, పోర్చుగల్ ఆటగాడు రొనాల్డోది. వాస్కో డ గామా 1498లో దిగిన కప్పాడ్ తీరం అదే జిల్లాలో ఉంది. పోర్చుగీసు ఫిరంగుల రుచి మొదట చూసిన నేల మీద పోర్చుగల్ కెప్టెన్‌కు అందరికన్నా పొడవైన బొమ్మ! అభిమాని చరిత్ర పాఠం చదివి జట్టును ఎంచుకోడు. రవీంద్రుడు 1924లో బ్యూనస్ ఎయిరిస్ దగ్గర రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆతిథ్యంలో ఉన్నాడు కాబట్టి బెంగాల్‌కు అర్జెంటీనా మీద మమకారం అని రాసేవారూ ఉన్నారు. ఆ అర్ధరాత్రి టీవీ ముందు చేరిన వీధి పిల్లల మనసులో ఒకాంపో ఉందంటే నమ్మడం కష్టం.

టీవీయే కారణమన్న వాదన కూడా పూర్తిగా నిలవదు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లోనే మొదలైంది. తిరువనంతపురం నుంచి మలయాళ కార్యక్రమాలు 1985 జనవరిలో గానీ రాలేదు. టీవీ ముందొచ్చిన చోట ఈ పిచ్చి పుట్టలేదు, వెనకొచ్చిన చోట పుట్టింది. తేడా నేలలో ఉంది. కోల్‌కతా అప్పటికే దశాబ్దాలుగా ఫుట్‌బాల్‌తో చీలి ఉన్న నగరం. 1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు, ఒక్కరు తప్ప అందరూ ఒట్టి కాళ్లతో, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నీ గెలిచింది. తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారి జట్టుగా ఈస్ట్ బెంగాల్ ఎదిగింది. మోహన్ బగాన్ వాళ్లది రొయ్య, ఈస్ట్ బెంగాల్ వాళ్లది పులస. ఈ రెండూ తలపడే డెర్బీ రోజున ఎవరింట్లో ఏ చేప ఉడుకుతుందో చూసి జట్టు చెప్పేయవచ్చు.

ఢాకాలో అబహాని, మొహమెడన్ క్లబ్బుల మధ్య అదే కథ. లీగ్ రోజుల్లో ఇళ్ల కప్పుల మీద క్లబ్బు జెండాలు ఎగిరేవి. అర్జెంటీనా జెండా వచ్చేనాటికి కప్పు మీద కర్ర సిద్ధంగానే ఉందన్నమాట. ఆ దేశానికి ఫుట్‌బాల్ పుట్టుకలోనే కలిసింది. 1971 విముక్తి యుద్ధ సమయంలో స్వాధీన్ బంగ్లా ఫుట్‌బాల్ జట్టు జకారియా పింటూ నాయకత్వంలో మన దేశంలో ఊరూరా ఆడి యుద్ధానికి నిధులు పోగు చేసింది. జులై 25న నదియా జిల్లా కృష్ణనగర్‌లో జరిగిన తొలి మ్యాచ్‌లో ఇంకా ఏ ప్రభుత్వమూ గుర్తించని దేశపు జెండాను ఎగరేసింది.

ఉత్తర కేరళలోని మలబార్‌ది ఇంకో దారి. మలప్పురంలో బ్రిటిష్ సైనికులూ, 1921 మాప్పిళా తిరుగుబాటు కాలంలో ఏర్పడిన మలబార్ స్పెషల్ పోలీసులూ ఆడిన ఆటను చుట్టుపక్కల ఊళ్లు అందుకున్నాయి. చిన్న మైదానానికి తగ్గట్టు జట్టుకు ఏడుగురితో ‘సెవెన్స్’ పుట్టింది. వానలు వెళ్లాక మొదలై ఎండాకాలం దాకా రాత్రిళ్లు దీపాల వెలుగులో టోర్నీలు సాగుతాయి. తాత్కాలిక గ్యాలరీలు కడతారు. టిక్కెట్టు కొని జనం కిక్కిరిసిపోతారు. ఆఫ్రికా దేశాల నుంచి ఆటగాళ్లను జీతాలిచ్చి తెచ్చుకుంటారు. 1973 డిసెంబరులో కెప్టెన్ మణి హ్యాట్రిక్‌తో రైల్వేస్‌ను 3-2తో ఓడించి కేరళ తొలిసారి రాష్ట్ర జట్ల జాతీయ టోర్నీ సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ఈ మూడు చోట్లా ప్రపంచ కప్ కొత్త పోటీని తేలేదు. ఉన్న పోటీకి కొత్త చొక్కాలు తెచ్చింది. పుల్లావూరు అర్జెంటీనా అభిమాని గొడవ రియో డి జనీరోలో ఉన్నవాడితో కాదు, నది అవతలి ఒడ్డున ఫ్లెక్సీ కడుతున్న బ్రెజిల్ అభిమానితో. చిన్నప్పటి నుంచి ఎరిగినవాడితో. జట్టు అరువుది, పోటీ సొంతది. ఐరోపా విలేకరులకు అర్థం కానిదల్లా ఇదే. జట్టుకూ పాస్‌పోర్టుకూ ముడి పడిందనుకునే చోట పెరిగినవారికి కోర్నిష్ ఊరేగింపు నాటకంలాగే కనిపిస్తుంది. ఎర్ణాకుళం జిల్లా ముండక్కముగళ్‌లో పదిహేడు మంది కలిసి మ్యాచ్‌లు చూడటానికి 23 లక్షల రూపాయలకు ఏకంగా ఇల్లే కొన్నారు. అంత ఖర్చుతో నటించేవారు ఎక్కడైనా ఉంటారా?

సొంత పోటీ కాబట్టే దెబ్బలూ సొంతమే. 1990 ఫైనల్‌లో 85వ నిమిషంలో మెక్సికో రిఫరీ ఇచ్చిన పెనాల్టీతో పశ్చిమ జర్మనీ గెలిస్తే ఢాకాలో జనం రిఫరీ మీద మండిపడ్డారు. 1994లో ఎఫెడ్రిన్ వాడాడని మారడోనాను టోర్నీ నుంచి తప్పించినప్పుడు అక్కడే వేల మంది వీధుల్లోకి వచ్చి అతణ్ని తిరిగి ఆడించాలని నినాదాలు చేశారు. 2021లో దక్షిణ అమెరికా దేశాల టోర్నీ కోపా అమెరికా ఫైనల్లో అర్జెంటీనా, బ్రెజిల్ తలపడుతున్నాయని తెలిసి, అప్పటికే అభిమానులు కొట్టుకున్న బంగ్లాదేశ్‌లోని బ్రాహ్మణ్‌బారియా జిల్లాలో పోలీసులు బహిరంగ తెరలను నిషేధించి గస్తీ తిరిగారు. ఆ మ్యాచ్ జరిగింది పదిహేను వేల కిలోమీటర్ల అవతల, రియోలోని మరకానా స్టేడియంలో. జెండాలు కడుతూ కరెంటు తీగలు తగిలి పిల్లలు చనిపోయిన వార్తలు బంగ్లాదేశ్ పత్రికల్లో వచ్చాయి. ఈ అభిమానాన్ని రంగురంగుల ముచ్చటగా మాత్రమే చూపే కథనాలు ఆ వార్తలను సాధారణంగా వదిలేస్తాయి.

ముప్పై ఏళ్లకు పైగా ఇది ఒకవైపు ప్రేమే. మధ్యలో కొన్ని పలకరింపులు ఉన్నాయి. మారడోనా 2008లో కోల్‌కతాకు, 2012లో కన్నూరుకు వచ్చాడు. 2011 సెప్టెంబరు 2న కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో వెనిజులాతో, నాలుగు రోజుల తర్వాత ఢాకాలో నైజీరియాతో మెస్సీ జట్టు ఆడింది. 2020 నవంబరులో మారడోనా మరణిస్తే కేరళ ప్రభుత్వం క్రీడారంగంలో రెండు రోజుల సంతాపం ప్రకటించింది. అర్జెంటీనా సామాన్యుడికి ఈ సంగతి తెలిసింది మాత్రం 2022లోనే. ఢాకా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో అర్ధరాత్రి పోటెత్తిన జనం వీడియోలు బ్యూనస్ ఎయిరిస్ చేరాయి. డిసెంబరు 18న లుసైల్‌లో జరిగిన ఫైనల్లో ఫ్రాన్స్‌తో 3-3, ఆపై పెనాల్టీల్లో 4-2తో గెలిచాక అర్జెంటీనా ఫుట్‌బాల్ సంఘం బంగ్లాదేశ్‌కూ కేరళకూ పేరుపేరునా కృతజ్ఞత చెప్పింది. 1978లో మూసేసిన ఢాకా రాయబార కార్యాలయాన్ని 2023 ఫిబ్రవరి 27న విదేశాంగ మంత్రి సాంటియాగో కఫియేరో స్వయంగా వచ్చి తెరిచారు. వ్యాపార లెక్కలూ ఉన్నాయి, కాదనలేం. కానీ నలభై ఐదేళ్లు మూసి ఉన్న తలుపు కప్పు గెలిచిన రెండు నెలలకే తెరుచుకోవడం యాదృచ్ఛికమని ఎవరూ అనుకోలేదు.

ఇక తెలుగు పాఠకుడికి రావలసిన ప్రశ్న: మన దగ్గర ఎందుకు లేదు? నేల లేక కాదు. 1950ల్లో భారత ఫుట్‌బాల్‌కు గుండెకాయ హైదరాబాదే. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58ల్లో హైదరాబాద్‌కు, 1965-66లో ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. ఆ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు. మంచి ఆటగాళ్లు కోల్‌కతా క్లబ్బుల బాట పట్టారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, అక్కడే ఉత్తరపారాలో స్థిరపడి, 2023లో మరణించారు. కోల్‌కతాకు రెండు క్లబ్బులు మిగిలాయి, మలప్పురానికి రాత్రి టోర్నీలు మిగిలాయి. హైదరాబాద్‌కు మిగిలింది పోలీసు శాఖ జట్టు జ్ఞాపకం. మా వీధి, మీ వీధి అని చీలడానికి వీలిచ్చే క్లబ్బు లేదు. 1983లో లార్డ్స్‌లో క్రికెట్ ప్రపంచ కప్ విజయం, ఆపై 1986 మారడోనా. మొదటిది మన గల్లీలను నింపేసింది. రెండోదానికి చోటు దొరకలేదు.

తర్వాత ఒక అవకాశం వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో దేశవాళీ ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ ఫైనల్లో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీలతో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి విజేతగా నిలిచింది. ఆ రాత్రి స్టాండ్లలో ఎటు చూసినా ఓడినవారి పసుపు రంగే. గెలిచిన క్లబ్బు అప్పుల్లో కూరుకుని, చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అదే ఏడాది డిసెంబరు 13న మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ముఖ్యమంత్రితో కలిసి కాసేపు బంతి తన్నాడు. వేల మంది చూడటానికి వచ్చారు. వాళ్లు కూర్చున్నది ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో.