వనపర్తి బండికి 32, వనపర్తి ఉత్తరానికి 509

వనపర్తిలో ఓ ఇంటర్నెట్ సెంటర్. అప్లికేషన్‌లో పిన్ గడిలో 509103 కొట్టగానే జిల్లా గడి తనంతట తానే 'మహబూబ్‌నగర్' అని నిండింది. ఆ గడి బూడిద రంగులో ఉంది, ఎంత నొక్కినా కర్సర్ పడదు. ఆధార్‌లో మాత్రం జిల్లా వనపర్తి.

"సైట్ ఒప్పుకుంటలేదన్నా" అన్నాడు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు. కొత్త జిల్లాలకు కొత్త పిన్‌కోడ్‌లు ఇవ్వాలన్న మాట మళ్లీ లేచింది ఇలాంటి చోట్లనే.

గొడవకు మూలం 2016 అక్టోబర్ 11. ఆ దసరా రోజు తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి. నల్లగొండ మూడు ముక్కలైంది. పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలోంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా వేరైంది. కలెక్టరేట్లు వచ్చాయి, బోర్డులు మారాయి. చివరికి బండి నంబర్లూ మారాయి: సూర్యాపేటకు 29, వనపర్తికి 32, గద్వాలకు 33. బండికి కొత్త నంబరు వచ్చినప్పుడు ఊరికి ఎందుకు రాలేదని జనం అడగడంలో తప్పేం లేదు. సూర్యాపేట 508213గానే ఉంది, గద్వాల 509125గానే ఉంది. షాద్‌నగర్ రంగారెడ్డి జిల్లాకు, కొడంగల్ వికారాబాద్‌కు పోయినా వాటి పిన్‌లు పాత పాలమూరు 509ని వదల్లేదు.

తపాలా వైపు నుంచి చూస్తే వదలాల్సిన పనీ లేదు. 1972 ఆగస్టు 15న శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపకల్పనలో పిన్ మొదలైంది ఉత్తరాల సార్టింగ్ కోసం, రెవెన్యూ పటం కోసం కాదు. ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల లిపుల్లో రాసిన చిరునామాలు, వాటి మధ్య సార్టర్ తికమకపడకూడదు. మొదటి అంకె జోన్‌ను చెబుతుంది, మొదటి రెండూ కలిసి తపాలా సర్కిల్‌ను, మూడూ కలిసి సార్టింగ్ జిల్లాను, చివరి మూడు బట్వాడా చేసే ఆఫీసును. ఈ 'సార్టింగ్ జిల్లా' అన్న మాటే కొంప ముంచింది. అది సంచీ విప్పి ఉత్తరాలను అరల్లో వేసే లెక్క, కలెక్టర్ కూర్చునే చోటు కాదు. యానాం చూడండి: పాలన పుదుచ్చేరిది, పిన్ 533464, అంటే గోదావరి జిల్లాల వరుస. అందుకని అక్కడికి ఉత్తరం రావడం ఆగలేదు.

మరి తప్పెవరిది? పిన్‌ను సాక్ష్యంగా వాడినవాళ్లది. ఊరూ జిల్లా ఒకసారి జతచేసిన పాత పట్టికను దించుకుని, దాంతో మనిషిని తూచే ఫారాలు వచ్చాయి. రెండూ కలవకపోతే దరఖాస్తుదారు మీద అనుమానం. తపాలా వాళ్ల పిన్ జాబితాలోనే జిల్లా పేరుకో వరుస ఉందన్నది నిజమే, అయితే ఆ వరుసను గుర్తింపు పరీక్షగా మార్చింది వాళ్లు కాదు.

అసలు పిన్‌కు ఆ పరీక్ష పెట్టే శక్తే లేదు. ఆధార్‌లో పన్నెండో అంకె మిగతా పదకొండింటికి కాపలా. ఒక అంకె తప్పు కొడితే పట్టేస్తుంది. పిన్‌లో అలాంటి కాపలా అంకె లేదు. ఒక అంకె తప్పితే చాలాసార్లు ఇంకో నిజమైన ఊరే వస్తుంది. 509103 తెలిసినవాడల్లా వనపర్తివాడు కాడు కదా. ఆ లోటు తీర్చింది పోస్ట్‌మ్యాన్. మనిషి చేతికే ఇవ్వాల్సిన ఉత్తరం పెట్టేముందు ముఖం చూస్తాడు, "మీ నాయిన లేడా" అని అడుగుతాడు, సంతకం తీసుకుంటాడు. మనిషిని గుర్తుపట్టేది ఆయనే, అంకెలు కాదు.

2025 మే 27న తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్‌ను ఇప్పుడు కొందరు మందుగా చూపిస్తున్నారు. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్ఆర్ఎస్‌సీలతో కలిసి చేసిన పది అక్షరాల కోడ్ అది. దేశాన్ని అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు గళ్లుగా, అలా పదిసార్లు కోస్తే మిగిలే దాదాపు నాలుగు మీటర్ల చదరం. జిల్లాలు విడిపోయినా, పేర్లు మారినా అది మారదు. అయితే దానికీ కాపలా అక్షరం లేదు, కింది పోర్షన్‌కూ మేడకూ ఒకటే కోడ్. అందులో జిల్లా పేరూ ఉండదు. అప్లికేషన్‌లో జిల్లా గడి నింపాలంటే ఇంకో పట్టిక కావాల్సిందే. అది 2016 అక్టోబర్‌కు ముందుదా, తర్వాతదా అన్నది వనపర్తి కుర్రాడు అప్పుడూ చూసుకోవాలి.