అబద్ధం ఆడకుండానే మోసం చేయొచ్చు: మతబోధలో కొన్ని అపోహలు, వాస్తవాలు

ప్రవచనాలు, ప్రసంగాలు చెప్పబోయేవాళ్ళకు నీతిశాస్త్రం బోధించడం నా పని. వేర్వేరు మతాలవాళ్ళు ఒకే తరగతిలో కూర్చుంటారు. "మేం అబద్ధం చెప్పం" అన్న దగ్గర అందరూ ఒక్కమాట మీద ఉంటారు. మోసం సంగతి ఎత్తగానే ఆ ఐకమత్యం చెదిరిపోతుంది. అప్పుడు తరచూ వినబడే అపోహలు ఇవి.

అపోహ: పలికిన మాట నిజమైతే చాలు, మోసం అంటుకోదు.

"అశ్వత్థామ హతః కుంజరః" మనకు సామెతైపోయింది. భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపి, ద్రోణుడి కొడుకు పోయాడని కేకపెట్టాడు. ద్రోణుడు నమ్మలేదు. మూడు లోకాలు ఇస్తామన్నా ధర్మరాజు బొంకడని తెలుసు గనక ఆయన్ను అడిగాడు. ధర్మరాజు అశ్వత్థామ చచ్చాడని పైకి అని, ఏనుగన్న ముక్క మాత్రం వినీవినబడకుండా గొణిగాడు. అంతవరకు నేలకు నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం కిందికి దిగిపోయింది.

"మాటగా చూస్తే ఆయన చెప్పింది నిజమే కదండీ" అని ఎవరో ఒకరు లేస్తారు. నిజమే. కానీ మహాభారతం ఆయన్ను అక్కడితో వదల్లేదు. స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజుకు నరకం చూపించినప్పుడు ఇంద్రుడు కారణం విప్పి చెబుతాడు: కొడుకు విషయంలో ద్రోణుణ్ణి నెపంతో వంచించావు, అందుకే నీకూ నెపంతోనే నరకం చూపించాం అని. పతంజలి యోగసూత్రాలకు వివరణ అయిన వ్యాసభాష్యం సత్యానికి గీసిన గీత ఇంకా స్పష్టం. మనకు తెలిసింది ఎదుటివాడికి చేరవేయడానికే మాట ఉంది. అది వంచించేదిగానో, భ్రమలోంచి పుట్టినదిగానో, వినేవాడికి ఏమీ బోధపడనిదిగానో ఉండకూడదు. వంచించే మాటకు ఉదాహరణ కావలసి వచ్చినప్పుడు, ఆ భాష్యానికి టీక రాసిన వాచస్పతి మిశ్రుడు ఎంచుకున్నది సరిగ్గా ఈ ధర్మరాజు జవాబునే. (మూడో షరతును మన ప్రవచనకారుల్లో ఎంతమంది దాటగలరో నాకు అనుమానమే. అర్థంకాని పదాలు కురిపించి జనాన్ని అబ్బురపరచడం కూడా ఆ లెక్కలో సత్యానికి దూరమే.)

అసలు నోరే విప్పకపోతే? బైబిల్లోని అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో అననీయ అనే విశ్వాసి పొలం అమ్మి, కొంత సొమ్ము దాచుకొని, మిగిలింది తెచ్చి అపొస్తలుల, అంటే యేసు ముఖ్య శిష్యుల, పాదాల దగ్గర పెట్టాడు. ఆ సమయంలో అతను ఫలానా మాట అన్నాడని అక్కడ రాసి లేదు. ఆ శిష్యుల్లో ఒకడైన పేతురు మాత్రం దాన్ని దేవునితో అబద్ధమాడటమనే అన్నాడు. అమ్మకముందు ఆ పొలం నీదే, అమ్మాక ఆ సొమ్మూ నీ చేతిలోదే అని కూడా అన్నాడు. అంటే దాచుకున్నందుకు కాదు, దాచుకొని మొత్తం ఇచ్చినట్టు కనబడినందుకు తప్పు పట్టాడు. ముహమ్మద్ ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలను హదీసులంటారు. సహీహ్ ముస్లిం అనే సంకలనంలోని ఒక హదీసులో ప్రవక్త ధాన్యపు కుప్పలోకి చేయి పెడితే వేళ్ళకు తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనానికి కనబడేలా తడిసినదాన్ని పైన ఉంచకపోయావా, మోసం చేసేవాడు నావాడు కాడు అని జవాబు. ఆ వర్తకుడు కూడా ధాన్యం పొడిగా ఉందని ఎవరితోనూ అన్నట్టు లేదు.

యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తల్ముద్ మరీ సూక్ష్మానికి పోతుంది. ఎలాగూ అమ్మకానికి తెరవాల్సిన ద్రాక్షారసపు పీపాను అతిథి కోసమే ప్రత్యేకంగా తెరిచినట్టు చేయకూడదంటుంది. రసం నకిలీది కాదు, కొలత తగ్గలేదు. చెల్లని కృతజ్ఞతను మాత్రం ఎదుటివాడి దగ్గర రాబట్టుకున్నట్టయింది. దీన్ని వాళ్ళు మనసును దొంగిలించడం అంటారు. అన్యమతస్థుడి విషయంలోనైనా ఇది కూడదని షమూయేలు అనే పండితుడి తీర్పు.

అపోహ: వాస్తవానికి సరిపోని మాటంతా అబద్ధమే.

కాదు. సుమారు 395లో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ అబద్ధం మీద రాస్తూ, మనసులో ఒకటి పెట్టుకొని నోటితో మరొకటి అనడమే అబద్ధమన్నాడు. నిజమని నమ్మి తప్పు చెప్పినవాడు పొరబడ్డాడు, అంతే. థేరవాద అనే బౌద్ధ శాఖ వ్యాఖ్యానాలు అబద్ధానికి నాలుగు అంగాలు చెబుతాయి: విషయం అసత్యం కావాలి, వంచించాలనే తలంపు ఉండాలి, అందుకు తగ్గ ప్రయత్నం జరగాలి, ఎదుటివాడికి అది అర్థమవ్వాలి. తెలియక తప్పు చెప్పిన బోధకుడు అబద్ధాలకోరు కాడు. తెలిశాక కూడా అదే చెబుతుంటే లెక్క మారుతుంది.

అపోహ: ఏ మతమైనా అబద్ధాన్ని పూర్తిగా నిషేధిస్తుంది.

అంత కచ్చితంగా ఉన్నవాళ్ళు తక్కువ. అగస్టీన్ వాళ్ళలో ముఖ్యుడు. అబద్ధాలను ఎనిమిది రకాలుగా పేర్చి, ప్రాణం కాపాడేవాటితో సహా ఏదీ పాపం కాకుండా పోదన్నాడు. ఆ వరుసలో మొట్టమొదటిది, అన్నిటికన్నా ఘోరమైనది, మతబోధలో ఆడే అబద్ధం. సుమారు 420లో కాన్‌సెంటియస్ అనే ఆయన ఒక చిక్కు అడిగాడు. చర్చి తప్పుబట్టిన ప్రిస్కిల్లియన్ వర్గంవాళ్ళు అబద్ధాలాడి తమ నమ్మకాలను దాచుకుంటున్నారు, వాళ్ళను బయటపెట్టడానికి మనమూ వాళ్ళలో ఒకరిగా నటించవచ్చా అని. అబద్ధాన్ని అబద్ధంతో వేటాడకూడదన్నది అగస్టీన్ సమాధానం. తర్వాతి కాలపు క్రైస్తవ వేదాంతి అక్వినాస్ కూడా ప్రతి అబద్ధమూ పాపమే అన్నాడు గానీ, హాస్యానికి ఆడేది, మేలుకు ఆడేది, కీడుకు ఆడేది అని బరువులు వేరు చేశాడు.

మిగతాచోట్ల తలుపు కాస్త తెరిచే ఉంటుంది. భాగవతంలో శుక్రాచార్యుడు బలికి, ప్రాణం, మానం పోయే చోట బొంకవచ్చని జాబితా చదువుతాడు. బలి ఆ సలహా తోసిపుచ్చాడన్నది వేరే సంగతి. ఆ పద్యాన్ని ధర్మసూక్ష్మంగా వల్లించేవాళ్ళు, శిష్యుడు దాన్ని కాదన్నాడన్న ముక్క చెప్పడం నేను అరుదుగా విన్నాను. తల్ముద్ శాంతి కోసం మాట మార్చవచ్చంటుంది. హదీసు యుద్ధం, తగవు తీర్చడం, ఆలుమగల మధ్య మాటలు అని మూడు మినహాయింపులు పేర్కొంటుంది.

ఇక కర్ణపర్వంలోని కౌశికుడి కథ. ఎప్పుడూ నిజమే చెబుతానని వ్రతం పట్టిన తపస్వి ఆయన. దొంగలకు భయపడి కొందరు అడవిలోకి పారిపోయారు. దొంగలు వచ్చి అడిగితే ఫలానా వైపు పోయారని చెప్పాడు. వాళ్ళు చచ్చారు, కౌశికుడు నరకానికి పోయాడు. కృష్ణుడు ఈ కథ అర్జునుడికి చెబుతూ, మౌనంగా ఉండి తప్పించగలిగితే మౌనమే మేలు, మాట్లాడక తప్పకపోతే అక్కడ అసత్యమే మేలు అంటాడు. కౌశికుణ్ణీ ధర్మరాజునూ పక్కపక్కన పెట్టి చూడమంటాను నేను. ఇద్దరి నోటా అక్షరాలా అసత్యం లేదు. ఇద్దరూ నరకం చూశారు. ఒకాయన తన నిజంతో దిక్కులేనివాళ్ళను పట్టిచ్చాడు, ఇంకొకాయన తనను నమ్మినవాణ్ణి పడగొట్టాడు. మాటకూ వాస్తవానికీ పొంతన కుదిరిందా అన్న ఒక్క కొలతతో ఈ రెండు తీర్పులూ అర్థం కావు. ఆ మాట ఎవరి నమ్మకాన్ని ఏం చేసిందో కూడా అడగాలి.

అపోహ: మాటను మెలిపెట్టి తప్పించుకోవడం తెలివైన, నిర్దోషమైన దారి.

ఎవరి ముందు అన్నదాన్నిబట్టి. బిషప్ అథనాసియస్‌ను పట్టుకోవడానికి నైలు నదిలో వెంటాడుతున్న సైనికులు ఆయన్నే గుర్తుపట్టక అడిగితే, "దగ్గర్లోనే ఉన్నాడు" అన్నాడని క్రైస్తవుల్లో కథ ఉంది. మక్కా విడిచి వెళుతున్న దారిలో ప్రవక్తను చూపించి ఈయన ఎవరని అడిగితే, ఆయన వెంట ఉన్న అనుచరుడు అబూబకర్ "నాకు దారి చూపేవాడు" అన్నారు. రెండుచోట్లా ఎదుటివాడికి నిజం తెలిస్తే ప్రాణం పోయే ప్రమాదం. ఈ వెసులుబాటును కొందరు సాగదీశారు. సగం వాక్యం పైకి, మిగతా సగం మనసులో పూర్తి చేసుకుంటే అబద్ధం కాదన్నారు. 1679లో పోప్ ఇన్నొసెంట్ XI ఆ వాదాన్ని ఖండించాడు. ముస్లిం న్యాయశాస్త్రంలోనూ రెండర్థాల మాటకు అవసరముంటేనే అనుమతి. ఒకరి హక్కు కాజేయడానికి వాడితే నిషిద్ధం.

కానుక ఇచ్చినవాడు లెక్క అడిగినప్పుడు బోధకుడు అథనాసియస్‌ను తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. అడిగింది సైనికుడు కాదు, నమ్మి వచ్చిన మనిషి.

అపోహ: గ్రంథవాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే అందులో మోసం ఉండదు.

మత్తయి సువార్త 4వ అధ్యాయంలో సాతాను యేసును ఆలయ శిఖరం మీద నిలబెట్టి 91వ కీర్తన చదువుతాడు. చదివిన ముక్కలు గ్రంథంలోవే. "నీ మార్గములన్నిటిలో" అన్న మాటలు మాత్రం జారిపోయాయి. ఖురాన్ 4:43లో "నమాజు దగ్గరికి వెళ్ళకండి" అని ఉంది. మత్తులో ఉన్నప్పుడు అన్న భాగం వదిలేస్తే ఏమవుతుందో ముస్లిం పండితులు తరచూ చెప్పే ఉదాహరణే ఇది. విద్యార్థుల ప్రసంగాల్లో నేను మొదట దిద్దేది ఈ కోతలనే. తమకు కావలసినచోట కత్తెర వేస్తున్నామన్న స్పృహ కూడా చాలామందికి ఉండదు. ముందూ వెనకా రెండు శ్లోకాలో వచనాలో చదివి వినిపించమంటాను. సగం ప్రసంగాలు అక్కడే కూలిపోతాయి.

అపోహ: కట్టుకథ చెప్పడమూ అబద్ధమే.

ఉపమానమని వినేవాడికి తెలిసినంతకాలం ఎవరూ మోసపోలేదు. హాస్యాన్ని కూడా అగస్టీన్ అబద్ధాల జాబితాలో చేర్చలేదు. అల్లిన సంఘటనకు "నా కళ్ళతో చూశాను" అని తగిలిస్తే మాత్రం అది సాక్ష్యమైపోతుంది. అక్కణ్ణుంచి దాన్ని సాక్ష్యంగానే తూచాలి.

అపోహ: శిష్యుడి మేలు కోరి గురువు చేసే మోసాన్ని "ఉపాయం" అంటారు, అది చెల్లుతుంది.

దీనికి తెచ్చే ఆధారం సద్ధర్మపుండరీక సూత్రం అనే బౌద్ధ గ్రంథంలోని కాలుతున్న ఇంటి కథ. లోపల పిల్లలు ఆటల్లో మునిగి ఉన్నారు, పిలిస్తే రారు. బయట మేకబండి, లేడిబండి, ఎద్దుబండి ఉన్నాయని తండ్రి ఆశ చూపాడు. పరుగెత్తుకొచ్చాక అందరికీ అంతకన్నా గొప్ప ఎద్దుబండ్లు ఇచ్చాడు. ఈ తండ్రి అబద్ధమాడినట్టా అని బుద్ధుడు అడిగితే కాదంటాడు శిష్యుడు శారిపుత్రుడు. ఏ బండీ ఇవ్వకపోయినా అబద్ధమయ్యేది కాదు, ప్రాణాలు దక్కాయి కదా అంటాడు.

ఆ ప్రశ్నను సూత్రమే ఎత్తిందంటే అక్కడ ఇబ్బంది ఉందని దానికీ తెలుసు. పైగా కథలో మంట నిజమైనది. పిల్లలు బయటికొచ్చి తమ కళ్ళతో చూసుకున్నారు, భ్రమ అక్కడికక్కడే తీరిపోయింది. తండ్రి చెప్పినదానికన్నా ఎక్కువే దక్కింది. అనుచరులను ఏళ్ళ తరబడి భ్రమలోనే ఉంచి, ఆ భ్రమ మీదే తాను బతికే గురువుకు ఈ కథ నీడ ఇవ్వదు. ఇంకో విచిత్రం, ఈ కథను అడ్డం పెట్టుకునే ప్రతివాడూ అందులో తండ్రి పాత్రే తీసుకుంటాడు.

అపోహ: బోధకుడి అబద్ధమూ అందరి అబద్ధంలాంటిదే.

బౌద్ధ భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో భిక్షువు తెలిసి ఆడే మామూలు అబద్ధం పాచిత్తియం, ఒప్పుకుంటే తీరే దోషం. తనకు లేని ధ్యానసిద్ధి ఉందని తెలిసి తెలిసి చెప్పుకోవడం పారాజికం, అంటే సంఘంలో చోటు పోతుంది. హత్యతో పాటు ఒకే వరుసలో ఉన్న నేరమిది. దీని వెనక కథ ఒక కరువుకాలంలోది. వగ్గుముదా నది ఒడ్డున ఉన్న భిక్షువులు, ఫలానా ఆయన అర్హతుడు (ముక్తి పొందినవాడు), ఫలానా ఆయన ఇంత సాధించాడు అని గృహస్థుల ముందు ఒకరినొకరు పొగుడుకున్నారు. తమకే తిండి చాలని జనం తమ నోటి దగ్గరిది తెచ్చి వాళ్ళకు పెట్టారు. కరువులో అందరూ చిక్కిపోతే వీళ్ళు మాత్రం నిగనిగలాడారు. దేశం పెట్టిన భిక్షను దొంగతనంగా తిన్న మహాచోరులని బుద్ధుడు మందలించాడు.

అదే నది, అదే కరువు ఇంకో నియమం వెనకా ఉన్నాయి. ఈసారి ఆ సిద్ధులు నిజంగానే ఉన్నాయి. అయినా సన్యసించని వాళ్ళకు వాటి గురించి చెప్పుకోవడం దోషమే, పాచిత్తియం.