పేర్లు పడేవరకూ కూర్చోండి

విజయనగరం

చిరంజీవులు అమ్మలుకీ, చిన్నోడికీ తాత ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ, మీ నాన్నమ్మా కులాసా. నాన్నమ్మకి మోకాలి నొప్పి మామూలే.

సిరిమాను సంబరం చూసుకుని మీరు బండెక్కి పది రోజులైంది. ఆవేళ రాత్రి మీ ఇద్దరికీ జరిగిన తగువు నా మనసులోంచి పోవడం లేదు. అప్పుడే నాలుగు మాటలు చెబుదామనుకున్నాను గానీ, చిన్నోడు అన్నం మానేసి మేడమీదకి పోయాడు, అమ్మలు దుప్పటి ముసుగేసింది. అలాంటప్పుడు ఎవరు చెప్పినా చెవికెక్కదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మీ హీరో గొప్పా, మా హీరో గొప్పా అన్న దాని జోలికి నేను పోను. మీ వయసులో మేమూ కొట్టుకున్నాం. గోలీలాడినా సరే ఎన్టీఆర్ జట్టు, ఏఎన్నార్ జట్టు అని విడిపోయేవాళ్లం. ఇష్టం ఉన్నచోట ఆ మాత్రం వేడి ఉంటుంది. అమ్మలూ, నువ్వు చూసే జపాను బొమ్మల సీరియల్లో ఎవరో చచ్చిపోయారని రెండ్రోజులు నీకు ముద్ద దిగలేదని మీ అమ్మ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. టీవీలో మహాభారతం వచ్చే రోజుల్లో, అభిమన్యుడు పడిపోయిన ఆదివారం, పక్కింటి వాకిట్లో ముప్పైమందిమి కూర్చుని ఉన్నాం. అప్పటికి మనింట్లో టీవీ లేదు. మాలో సగం మందికి హిందీ ఒక్క ముక్క రాదు. కథా? అది పుట్టినప్పట్నుంచీ వింటున్నదే. అయినా మీ నాన్నమ్మ కొంగు తడిసిపోయింది. ఆ పూట ఇంటికొచ్చి వంట మొదలుపెట్టేసరికి మధ్యాహ్నం రెండైంది. కాబట్టి ఏడుపొస్తే ఏడువు తల్లీ, ఎవరు నవ్వినా సిగ్గుపడకు.

నాకు బాధ కలిగించినవి వేరే రెండున్నాయి. చిన్నవే. సినిమా అయిపోయి పేర్లు పైకి పాకుతుంటే చిన్నోడు రిమోటు నొక్కేశాడు. “ఉండరా” అంటే, “ఇంకేటుంది తాతా, అయిపోయింది కదా” అన్నాడు. మర్నాడు పొద్దున్న ఫోన్లో ఏదో బొమ్మల సినిమా ముక్క చూసి, దాని కింద “గ్రాఫిక్స్ చెత్త, చేసినోడెవడో” అని రాసి నాకు చూపించాడు. చేసినోడెవడో అన్నావు చూడు, ఆ ప్రశ్నకి జవాబు నువ్వు నొక్కేసే ఆ పేర్లలోనే ఉంటుందిరా నాన్నా.

మీ తాత సినిమా బ్యానర్లు రాసి బతికినవాడని మీకు తెలుసు గానీ, ఆ పనెలా ఉండేదో మీకెప్పుడూ చెప్పలేదు. 1968లో, నా పదహారో ఏట, గురువుగారి దగ్గర చేరాను. మొదటి రెండేళ్లు బ్రష్షులు కిరసనాయిల్లో కడగడమే పని. తరవాత గళ్లు కొట్టడం నేర్పారు. చిన్న ఫొటో మీద పెన్సిల్తో గళ్లు గీస్తాం. గుడ్డ మీద ఒక్కో గడి అడుగుకి అడుగు. దారానికి సుద్దపొడి పట్టించి, అటొకరూ ఇటొకరూ బిగించి పట్టుకుని, మధ్యలో వేలితో లాగి వదిలితే టప్పుమని తెల్లగీత పడేది. ఇక ఫొటోలో ఒక గడిలో ఉన్నది గుడ్డ మీద అదే గడిలోకి దించాలి. హీరో మొహం వేస్తున్నానని అనుకున్నావో, చెయ్యి వణుకుతుంది. ఆ గడిలో నలుపెంత, వెలుగెంత, అంతే చూడాలి. బుగ్గ మీద వెలుగుకి పసుపు, గడ్డం కింద నీడకి నీలం కలిపిన గులాబీ. మేం నిచ్చెన మీద ఉంటే గురువుగారు రోడ్డు అవతల టీకొట్టు దగ్గర నిలబడి, “ఎడమకన్ను జారిందిరోయ్!” అని కేకేసేవారు. దగ్గరనుంచి చూస్తే ఏమీ తెలిసేది కాదు. దిగి రోడ్డు దాటి చూస్తే నిజమే, కన్ను జారే ఉండేది.

అంత పనీ అయ్యాక కుడివైపు కింద మూలన బెత్తెడు జాగాలో గురువుగారి పేరు, పక్కన ‘ఆర్ట్స్’ అని. నలభై అడుగుల బ్యానర్లో మాది అంటూ ఉన్నది ఆ బెత్తెడే. ఒక హాలువాళ్లు సరిగ్గా ఆ మూల మీదే టిక్కెట్ల ధరల బోర్డు దిగ్గొట్టించారు. నాకు ఒళ్లు మండిపోయింది. గురువుగారు ఏమీ అనలేదు. వచ్చే వారం బ్యానర్లో పేరు ఎడమ మూలకి మార్చి రాశారు. ఆ తరవాత వాళ్లు అక్కడా ఏదో కొట్టించారనుకోండి. ఆయన మళ్లీ కుడికి మార్చారు. ఫ్లెక్సీలొచ్చి మా పని పోయేదాకా ఆయన పేరు రాయని బ్యానర్ ఒక్కటీ హాలుకి వెళ్లలేదు.

నాకు పేర్లు చదివే అలవాటు ఆ పనిలోనే వచ్చింది. మాయాబజార్ మీరు రంగుల్లో చూశారు. ఆ రంగులు 2010లో అద్దినవి. 1957లో వచ్చింది నలుపు తెలుపే. చిన్నప్పుడు టూరింగు టాకీసులో నేల మీద కూర్చుని చూశాను. లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే నా నోరు కూడా తెరుచుకునే ఉంది. అప్పుడు నాకు తెలిసిన పేరు ఎస్వీ రంగారావు గారిదొక్కటే. పెద్దయ్యాక ఆ సినిమా మళ్లీ ఆడించినప్పుడు బ్యానర్ మీద అక్షరాలు రాసే పని నాకు పడింది. దర్శకత్వం కె.వి.రెడ్డి. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లీ. నలుపూ తెలుపూ తప్ప చేతిలో మరో రంగు లేకుండా తెర మీద వెన్నెల కాయించిన మనిషి ఆయన. రంగులతో బతికే నాకు ఆ సంగతి అర్థమయ్యాక రెండు మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ కింద మాటలు, పాటలు, పింగళి నాగేంద్రరావు. “ఈ పింగళి వారెవరు గురువుగారూ?” అని అడిగాను. “మన రాజాంలో పుట్టారురా” అన్నారు.

రాజాం అంటే మీ నాన్నమ్మ పుట్టింటికి వెళ్లేటప్పుడు బస్సు మారే ఊరు. పల్లీలు కొనుక్కునే ఊరు. ఆ ఊళ్లో 1901లో పుట్టిన మనిషి అస్మదీయులకి జోడీగా తస్మదీయుల్నీ, కంబళికి జోడీగా గింబళినీ పుట్టించాడు. ఇప్పటికీ మీ నాన్న కోపమొస్తే తస్మదీయులు అంటాడే, ఆ మాట మనింటికి అక్కణ్నుంచి వచ్చింది. ఒక్క పేరు తెలిసేసరికి మిగతావన్నీ తవ్వాలనిపించింది. ఆ సినిమాకి మొదట కొన్ని వరసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు. ఆయనది సాలూరు పక్కన శివరామపురం. ఆయన తప్పుకున్నాక సంగీతం పూర్తి చేసింది ఘంటసాల గారు. ఆయన సొంతూరు ఇది కాదు గానీ చదువు మన మహారాజా సంగీత కళాశాలలోనే. కడుపు నింపుకోవడానికి ఈ వీధుల్లోనే జోలె పట్టి మధూకరం ఎత్తుకుని పాట నేర్చుకున్నారు. ఆ సినిమాలో పాడిన సుశీల గారైతే అచ్చంగా విజయనగరం ఆడపడుచు. మీరు కోట చూడ్డానికి వెళ్లి ఐస్‌క్రీమ్ తిన్న దారిలో వీళ్లు నడిచారమ్మా. హీరో పేరొక్కటే చదివి ఊరుకుంటే ఇదంతా నాకు తెలిసేది కాదు.

అయినా నేను కూడా ఒక పెద్ద పేరు పోగొట్టుకున్నాను. చందమామ అట్టమీద బొమ్మలంటే నాకు ప్రాణం. ఆ బొమ్మల కింద వ.పా అని ఉండేది. అట్టలు చింపి దాచుకుని, వాటి మీదే గళ్లు గీసి రంగులు కలపడం సాధన చేశాను. అంటే గురువుగారి తరవాత నాకు పని నేర్పింది ఆ వ.పా. ఆయన వడ్డాది పాపయ్య గారనీ, 1921లో శ్రీకాకుళంలో పుట్టారనీ నాకెప్పుడు తెలిసిందో తెలుసా? 1992 డిసెంబరు ఆఖర్లో ఆయన పోయాక, పేపర్లో. శ్రీకాకుళం ఇక్కణ్నుంచి ఎంత? బస్సెక్కితే రెండు గంటలు. ఇరవై ఏళ్లు ఆయన బొమ్మలు ముందేసుకుని కూర్చున్నవాణ్ని, ఆ రెండక్షరాల వెనక ఎవరున్నారని ఒక్కరినీ అడగలేదు. కనీసం ఒక కార్డు ముక్క రాసి ఉండాల్సింది. ఇప్పటికీ ఆ అట్టలు తీస్తే అదే గుచ్చుకుంటుంది.

వ.పా గారికి ఆ రెండక్షరాలైనా దక్కాయి. అదే చందమామలో మా గుండెలు దడదడలాడించిన మాంత్రికుల సీరియళ్లకి రచయిత పేరే ఉండేది కాదు. వాటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని పాఠకులే కూపీ లాగి చెప్పుకున్నారు. అమెరికాలోనూ ఇదే తంతు. మీ నాన్న చిన్నప్పుడు ఆదివారం టీవీలో డబ్బుల కొట్లో ఈతకొట్టే ముసలి బాతు వచ్చేది. ఆ బాతుని 1947లో కామిక్కుల్లో పుట్టించింది కార్ల్ బార్క్స్. పుస్తకం మీద కంపెనీ పేరు తప్ప ఆయన పేరుండేది కాదు. అక్కడి పిల్లలు మాత్రం గీత చూసి పోల్చుకునేవాళ్లట, ఇది ఆ మంచి బాతులాయన వేసింది, ఇది కాదు అని. 1960లో అభిమానులు పట్టువదలకుండా ఆరా తీసి ఆయన పేరూ, చిరునామా కనుక్కుని ఉత్తరం రాశారు. నేను చెయ్యనిది వాళ్లు చేశారు.

చిన్నోడా, ఇప్పుడు చెప్పేది నీకోసం. మీ నాన్న చెబితే విని కాగితం మీద రాసి పెట్టుకున్నాను. 1980లో అటారీ కంపెనీ అడ్వెంచర్ అని ఒక వీడియో గేమ్ అమ్మింది. దాన్ని మొత్తం ఒక్కడే తయారుచేశాడు, వారెన్ రాబినెట్ అని. కోటలూ, దారి తప్పించే చీకటి సందులూ, రాక్షస సర్పాలూ అన్నీ కలిపి 4096 బైట్లలో ఇమిడ్చాడు. నువ్వు నాకు పంపే ఒక్క ఫొటోకి అంతకి ఎన్నో వందల రెట్లు కావాలని మీ నాన్న అన్నాడు. అయితే గేమ్ చేసినవాళ్ల పేరు వెయ్యడం ఆ కంపెనీకి అలవాటు లేదు. ఈ కారణంగా అంతకుముందే నలుగురు బయటికి పోయి, 1979లో యాక్టివిజన్ అని సొంత దుకాణం పెట్టుకున్నారు. రాబినెట్ వేరే పని చేశాడు. ఆ చీకటి సందుల్లో ఒకచోట ఒకే ఒక్క చుక్క పెట్టాడు. నేల రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు. దాన్ని పట్టుకుని సరైన గదికి వెళ్తే గోడ దారి ఇస్తుంది. లోపల రహస్యపు గది. గది నడుమ పైనుంచి కిందకి రంగులు మారుతూ మెరిసే అక్షరాల్లో, దీన్ని చేసింది వారెన్ రాబినెట్ అని.

ఎవరికీ చెప్పలేదు. చెబితే తీసేస్తారు కదా. అతను ఉద్యోగం మానేసి వెళ్లిపోయాక, సాల్ట్ లేక్ సిటీలో పదిహేనేళ్ల కుర్రాడు ఆడుతూ ఆడుతూ ఆ గది కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాశాడు. ఇప్పుడు నువ్వు గేముల్లో వెతుక్కునే ఈస్టర్ ఎగ్గులకి, అదే, చేసినవాళ్లు లోపల దాచిపెట్టే రహస్యాలకి, ఆ పేరు వచ్చింది ఆ గదితోనేనట. ఇది విన్నప్పుడు నాకు మా గురువుగారు నిచ్చెన ఎక్కి పేరు ఎడమ మూలకి మార్చడం కళ్లముందు కదిలింది. చెయ్యి పట్టుకుని, చూశావా, నువ్వూ నేనూ ఒకటే అని చెప్పాలనిపించింది, ఆ ఇద్దరికీ.

బాగోకపోతే బాగోలేదని అనొద్దా తాతా అంటావు. అను. ఎందుకు బాగోలేదో కూడా చెప్పు. కన్ను జారిందని చెబితే దిద్దుకుంటాం. చెత్త అంటే దిద్దుకోవడానికి ఏముంది? 2019 ఏప్రిల్లో, వీడియో గేముల్లో పరుగెత్తే సోనిక్ అన్న నీలం బొమ్మ మీద తీసిన సినిమా ట్రైలర్ వస్తే, ఆ బొమ్మకి పళ్లు మనిషి పళ్లలా ఉన్నాయని అభిమానులు గోలపెట్టారు. వాళ్లన్నది సబబే, నేనూ చూశాను. సినిమాని నవంబరు నుంచి మరుసటేడు ఫిబ్రవరికి జరిపి బొమ్మని మొత్తం మార్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. అయితే ఆ మార్పు పనిలో చెయ్యి పెట్టిన ఒక స్టూడియో, కెనడాలోని వాంకూవర్లో ఉన్నది, సినిమా విడుదల కాకముందే డిసెంబరులో మూతపడింది. పళ్లు దిద్దిన వాళ్లలో కొందరు, మీరంతా హాల్లో చప్పట్లు కొట్టే వేళకి, మరోచోట పని వెతుక్కుంటున్నారు. ఫ్లెక్సీలొచ్చిన ఏడు నేను ఎలా తిరిగానో మీ నాన్నని అడగండి.

సంక్రాంతికి వస్తారు కదా. చిన్నోడా, నువ్వు రోజూ ఆడే గేమ్ ఆఖర్న పేర్లు వస్తాయట, వాటిలో నీకు నచ్చిన పది పేర్లు, ఎవరు ఏం చేశారో సహా, కాగితం మీద రాసుకుని రా. ఆ గేములో నీకు బాగా నచ్చే మంచుకొండ ఎవరు వేశారో మొదట అది చూడు. అమ్మలూ, నువ్వు ఏడ్చిన ఆ సీరియల్లో, ఆ చనిపోయిన పిల్ల బొమ్మ గీసింది ఎవరో కనుక్కో. పెరటి గోడకి సున్నం వేయించి ఉంచుతాను. బ్రష్షులు రెండు బాగానే ఉన్నాయి, మూడోది వెంట్రుకలు రాలిపోయింది. సుద్దదారం కొత్తది కొంటాను. ఒకరు అటు పట్టుకోవాలి, ఒకరు ఇటు. పేర్లు రాయడం అయ్యాక కుడివైపు కింద మూల మీ ఇద్దరికీ.

నాన్నమ్మ అరిసెలకి బియ్యం ఇప్పట్నుంచే చూస్తోంది. అమ్మానాన్నలని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ తాత