పిల్లలు, కథల పుస్తకాలు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"పుస్తకం ముట్టుకోడండీ, మీరైనా చెప్పండి" అని మా బడి గ్రంథాలయానికి వచ్చే తల్లిదండ్రులు తరచూ అంటుంటారు. కాసేపు మాట్లాడితే, పిల్లవాడి అయిష్టం కన్నా ఇంట్లో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే అడ్డు పడుతున్నట్లు తెలుస్తుంది. వాటిలో ఒకటి రెండు నాకూ చాలాకాలం ఉండేవి.

అపోహ: అక్షరాలు వచ్చాకే పుస్తకం ఇవ్వాలి.

వాస్తవం: మూడేళ్ల బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని కథ చదివి వినిపించేది పుస్తకంలోని తెలుగును చెవికి అలవాటు చేయడానికి. ఇంట్లో "పోతుండు" అనో "ఎల్తన్నాడు" అనో వినే బిడ్డకు "వెళ్తున్నాడు", "చెప్పసాగింది", "అంతలోనే" వంటి మాటలు ఎక్కువగా పుస్తకంలోనే ఎదురవుతాయి. వాటిని ముందే విని ఉన్న పిల్లలు మాటలో సగం చదవగానే మిగతా సగాన్ని పోల్చుకుంటారు. విననివారికి అదే మాట కొత్త భాషలా తోస్తుంది. అంతమాత్రాన ఇంటి మాటను తప్పని దిద్దవలసిన పని లేదు.

అపోహ: చదవడం వచ్చేసింది కాబట్టి ఇక మనం చదివి వినిపించనక్కరలేదు.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమేనని నా అభిప్రాయం. గుణింతాలూ ఒత్తులూ నేర్చిన మూడో తరగతి పిల్ల "రాజకుమారుడు గుర్రమెక్కి అడవిలోని ముసలమ్మ గుడిసెకు వెళ్లాడు" అన్న వాక్యాన్ని కూడబలుక్కుంటూ, "గుర్రం" దగ్గర ఒత్తుతో తంటాలు పడి, "గుడిసెకు" చేరేసరికి బయల్దేరినది ఎవరో మరచిపోతుంది. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివరన వస్తుంది కనుక, ఏం జరిగిందో తెలిసేదాకా ముందు మాటలన్నిటినీ మనసులో పట్టి ఉంచుకోవాలి. మెల్లగా చదివేవారికి అది పెద్ద బరువు. అక్షరాలన్నీ సరిగ్గానే పలికినా కథ మాత్రం చేతికి చిక్కదు. ఒక పేజీ అమ్మ, ఒక పేజీ పిల్ల చదువుకుంటే కథ తెగకుండా సాగుతుంది. తరగతి స్థాయి కన్నా తేలికైన పుస్తకం ఇవ్వడంలోనూ నామోషీ ఏమీ లేదు.

అపోహ: బొమ్మల పుస్తకాలు, చదివినదే మళ్లీ చదవడం కాలయాపన.

వాస్తవం: మా రెండో తరగతి బాబు ఒకడు ప్రతి శనివారం "మేడమ్, కోతి పుస్తకం ఎవరైనా పట్టుకెళ్లారా?" అంటూనే లోపలికి వచ్చేవాడు. మొదట్లో బొమ్మలు చూసి కథ చెప్పేవాడు, తరువాత వేలు పెట్టి చదివాడు, ఐదారు వారాలకు వేలు అవసరం లేకపోయింది. ధారాళత అలా వస్తుంది. వాడి చేతిలో కొత్త పుస్తకం పెట్టాలన్న ఆత్రం మనదే గానీ వాడిది కాదు.

అపోహ: కథ చదివాక నీతి చెప్పించాలి.

వాస్తవం: ఈ తప్పు నేనూ చేశాను. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు సారాంశం రాయాలని ఒక నోటుపుస్తకం పెట్టాను. నెల తిరక్కుండానే పిల్లలు పట్టుకెళ్లే పుస్తకాలు తగ్గిపోయాయి, పట్టుకెళ్లేవారు కూడా అన్నిటికన్నా పలచని పుస్తకాన్నే వెతుక్కున్నారు. ఆ నోటుపుస్తకం తీసేశాక, ఎవరూ అడగకుండానే కథలు చెప్పడానికి వాళ్లే బల్ల చుట్టూ మూగడం మొదలుపెట్టారు.

అపోహ: పుస్తకాలు ఖర్చుతో కూడిన పని.

వాస్తవం: పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన కథల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు నాలుగు స్థాయిల్లో ఉచితంగా దొరుకుతాయి. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే, మనం కట్టే ఇంటి పన్నుతోపాటు దానికీ గ్రంథాలయ సెస్సు చెల్లిస్తూనే ఉన్నాం.

అపోహ: చిన్నపిల్లల చేతికిస్తే చింపేస్తారు.

వాస్తవం: చింపుతారు, నిజమే. ఆ భయంతోనే ఎన్నో బడుల్లో పుస్తకాలు బీరువాలో తాళం వెనుక కొత్తవిగానే ఉండిపోతాయి. గ్రంథాలయ శాస్త్రానికి మన దేశపు గ్రంథాలయ నిపుణుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఇచ్చిన ఐదు సూత్రాలలో మొదటిది, పుస్తకాలు ఉపయోగించడానికేనన్నది. చదివే పుస్తకం అట్ట ఊడుతుంది, మూలలు నలుగుతాయి. నా బల్ల సొరుగులో మైదా జిగురు సీసా, పాత క్యాలెండరు కాగితాలు ఎప్పుడూ ఉంటాయి. కోతి పుస్తకానికి ఇప్పటికి మూడుసార్లు అట్ట వేశాను.