మైటోకాండ్రియా బాక్టీరియా కథ: అపోహలు - వాస్తవాలు

విశాఖలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెబుతాను. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా, ఆకుల్లో ఎండతో ఆహారం తయారుచేసే హరితరేణువులు ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా అనే పాఠం మీద జవాబు పత్రాల్లో ఏటా ఇవే పొరపాట్లు.

అపోహ: ఈ సిద్ధాంతం 1967లో అమెరికన్ జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్‌తో పుట్టింది.

వాస్తవం: అప్పటికే దానికి ఎనభై ఏళ్లు దాటాయి. హరితరేణువులు కొత్తగా పుట్టవు, ఉన్నవే రెండుగా చీలతాయి. 1883లో జర్మనీకి చెందిన షింపర్ ఇది గమనించి, పచ్చని మొక్క రెండు జీవుల కలయిక కావచ్చని ఒక ఫుట్‌నోట్‌లో రాశారు. 1905లో రష్యన్ శాస్త్రవేత్త మెరెష్కోవ్‌స్కీ దాన్నే పూర్తి వాదంగా నిలబెట్టారు. 1920ల్లో అమెరికాలో వాలిన్ మైటోకాండ్రియా సంగతీ ఇంతేనన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది! వాటిని కణం బయట పెంచానని కూడా ప్రకటించారు. పెరిగింది బయటి నుంచి చేరిన బాక్టీరియా అయి ఉంటుందని మిగతావాళ్లు కొట్టిపారేశారు. అసలు ఆలోచనకూ ఆ చెడ్డపేరు అంటుకుంది.

1962, 63ల్లో హరితరేణువుల్లో, మైటోకాండ్రియాలో సొంత డీఎన్ఏ కనిపించాక గాలి మారింది. మార్గులిస్ గొప్పతనం చెల్లాచెదురుగా ఉన్న ఆధారాలన్నీ ఒక్కచోట చేర్చడంలో ఉంది. 1967లో వచ్చిన ఆమె వ్యాసాన్ని అంతకుముందు పదిహేను పత్రికల దాకా తిప్పికొట్టాయని ఆమే చెప్పారు.

అపోహ: ఆమె చెప్పిందంతా రుజువైంది.

వాస్తవం: కాలేదు. కశాభాలు (కణాలు ఈదడానికి వాడే తోకలు) కూడా స్పైరోకీట్ అనే మెలికల బాక్టీరియా నుంచే వచ్చాయన్న ఆమె వాదనకు ఆధారం దొరకలేదు. మైటోకాండ్రియా, హరితరేణువుల గురించి చెప్పింది మాత్రం 1975 నుంచి వాటి ఆర్ఎన్ఏను బాక్టీరియా ఆర్ఎన్ఏతో పోల్చి చూడటంతో బలపడింది.

అపోహ: మైటోకాండ్రియాను బయటకు తీస్తే మళ్లీ బాక్టీరియాలా బతుకుతుంది.

వాస్తవం: బతకదు. మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏలో మిగిలినవి 37 జన్యువులే. అందులో ప్రొటీన్లకు పనికొచ్చేవి 13. మిగతా వందలాది ప్రొటీన్లకు కేంద్రకమే దిక్కు.

అపోహ: ఒక కణం ఇంకోదాన్ని మింగి ఉంచుకోవడం ఒక్కసారే జరిగింది.

వాస్తవం: కాదు. పోటు తగ్గాక విశాఖ తీరంలోని తెన్నేటి పార్కు కింది రాళ్ల దగ్గరికి వెళ్లండి. అక్కడ పచ్చగా అంటుకున్న అల్వా, ఎర్ర నాచు హరితరేణువులకు రెండే పొరలు, ఎందుకంటే వాటి పూర్వీకుడు నేరుగా సయనోబాక్టీరియాను (ఎండతో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియాను) లోపల ఉంచుకుంది. సర్గాసమ్ లాంటి గోధుమ నాచు కథ వేరు. దాని పూర్వీకుడు ఏకంగా, లోపల హరితరేణువు ఉన్న ఒక ఎర్ర శైవలాన్నే (ఎర్ర నాచు జాతి కణాన్నే) మింగింది. అందుకే నాలుగు పొరలు. ప్రాక్టికల్ రికార్డులో ఆ నాలుగూ గీయమంటాను గానీ, మా ల్యాబ్ మైక్రోస్కోపులో అవి కనిపించవు.